కొన్నవారి పేరు

ఏప్రిల్ 14, సోమవారం

లైల్ ఫోను చేశాడు. విడాకులైన పద్నాలుగు నెలల్లో ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ వాడి పనిముట్ల పెట్టె కోసం.

"జూన్ పద్నాలుగున రాయిస్ ర్యాలీ. గుర్తుందిగా?" అన్నాడు.

చచ్చిపోయింది నా తమ్ముడు రాయిస్, ఆ మోటారు సైకిళ్ళ ఊరేగింపు ఏటా వాడి పేరునే. ఆ రోజు నాకు వీడు గుర్తుచెయ్యాలి. గుర్తుంది చెప్పు, అన్నాను.

"ఈసారి నా వెనక టాన్యా కూర్చుంటుంది. నువ్వు మీ అమ్మని ఎక్కించుకుని ట్రక్కులో వెనకాల వచ్చెయ్. ఏమనుకోవుగా? ఆ, బంగాళాదుంపల సలాడ్ మాత్రం నువ్వే చెయ్యి. టాన్యా చేస్తే నీళ్ళోడుతుంది."

ఏమనుకుంటాను? ఎనిమిదేళ్ళు ముందు వరుసలో వాడి వెనక కూర్చుని వెళ్ళాను, విడాకులయ్యాక కిందటేడు కూడా. కుడిపక్క ఒక బండి పట్టేంత చోటు ఖాళీగా వదులుతారు, అది రాయిస్‌ది. ఆ ఖాళీకి పక్కనే నేను. ఆ చోటు నాకు లైల్ ఇచ్చింది కాదు, రాయిస్ ఇచ్చింది. ఇప్పుడు అందులో వాడి కొత్త మనిషి టాన్యా కూర్చుంటుందట. గోళ్ళకి రంగు సెలూన్‌లో వేయించుకుంటుంది, రాయిస్‌ని ఫోటోలో తప్ప చూడలేదు.

ట్రక్కులో వెళ్ళను. నా బండి మీద వెళ్తాను. నాకు బండి లేదు, నడపడం రాదు, వయసు యాభై ఆరు. రెండు నెలలుంది.

ఏప్రిల్ 15

సలాడ్ చెయ్యను.

ఏప్రిల్ 17

సాయంత్రమంతా అమ్మకానికి పెట్టిన పాత క్రూజర్ మోటారు సైకిళ్ళ ప్రకటనలు చదివాను. చదివి చేతులు కడుక్కున్నాను.

"బేరాలొద్దు, నా దగ్గరేముందో నాకు తెలుసు." ఈ రాష్ట్రంలో తన దగ్గరేముందో తెలియని మగాడు ఒక్కడూ లేడు. "ఏమీ చెయ్యక్కర్లేదు, కార్బరేటర్ శుభ్రం చేస్తే పరుగెడుతుంది." అంత చిన్న పనైతే నువ్వే చెయ్యొచ్చుగా నాయనా! "భార్య అమ్మెయ్యమంటోంది." ఈ ముక్క తొమ్మిదింటిలో ఉంది. ఒకడి ఫోటోలో బండి వెనకాల వాడి లోదుస్తులు తీగ మీద ఆరుతున్నాయి. బండి కంటే అవే పాతవి.

నేను బండ్లు రిజిస్టరు చేసే మా కౌంటీ ఆఫీసు కిటికీ దగ్గరా ఇదే జాతి. ఈ రోజు ఇద్దరు వచ్చారు. ఓనరు కాగితం వెనక అమ్మినవాడి సంతకం ఉంది, "కొన్నవారి పేరు" దగ్గర ఖాళీ. అలాంటి కాగితం డబ్బు నోటులా చేతులు మారుతూ పోతుంది, మధ్యలో ఎవడు కొన్నాడో ఎవడు అమ్మాడో ఎక్కడా ఉండదు. "ఖాళీ గీత పైన సంతకం పెట్టడం మూర్ఖుల పని" అని పంతొమ్మిదేళ్ళుగా కిటికీలోంచి చెబుతూనే ఉన్నాను. తలూపుతారు, మళ్ళీ అలాగే తెస్తారు.

ఏప్రిల్ 27, ఆదివారం

రెండు రోజుల శిక్షణ అయిపోయింది. టెక్నికల్ కాలేజీలో కార్లు నిలిపే స్థలంలో చిన్న బండ్లు, ఎర్రటి ప్లాస్టిక్ గుర్తుల మధ్య తిరగడం. పదకొండు మందిలో నేనే పెద్ద. నిన్న ఒకసారి పడ్డాను. పక్కనున్న కుర్రాడు "లేవగలరా అమ్మమ్మా?" అన్నాడు. లేచి, వాడి కంటే ముందు ఆ మలుపు తిరిగాను. ఈ రోజు వాడు పడ్డాడు. వాడి ముందు ఆగి నా ముఖం చూపించాను.

లైసెన్సు వస్తుంది. తొడలు రెండూ కమిలిపోయాయి.

మే 3, శనివారం

మూడు బండ్లు చూశాను. ఆఫీసులో నా పక్క కిటికీలో కూర్చునే పెగ్ తన మొగుడు డేల్‌ని ట్రెయిలర్‌తో పంపింది. డేల్ కుందేళ్ళు పెంచుతాడు. మోటారు సైకిల్‌కి ఎన్ని చక్రాలో తెలుసు, అంతకు మించి తెలియదు.

మొదటివాడు గంటసేపు డేల్‌తోనే మాట్లాడాడు. నేను క్లచ్ గురించి అడిగితే డేల్ వైపు చూసి జవాబు చెప్పాడు.

"మేడంగారికి కాళ్ళు నేలకి అందుతాయాండీ?" అని డేల్‌నే అడిగాడు.

"నాకేం తెలుసు? ఆవిడ కాళ్ళు ఆవిడనే అడగవయ్యా," అన్నాడు డేల్. ఆ ఒక్క మాటకి డేల్‌కి మధ్యాహ్నం చిస్లిక్ కొనిపెట్టాను. ఆ వేయించిన మాంసం ముక్కలు ప్లేటు నిండా తిన్నాడు.

రెండోవాడి బండి సీటు ఎత్తితే ఎలుకల గూడు. అందులో పిల్లలు, గులాబీరంగువి, కళ్ళు తెరవనివి. "అవి ఉచితం," అని నవ్వాడు వాడు. మూడోవాడు నాకు "ఆడవాళ్ళకి సరిపోయేది" అంటూ ఒక స్కూటర్ చూపించాడు.

ఇంటికొచ్చి వేడినీళ్ళతో స్నానం చేశాను. రోత పోలేదు.

మే 10, శనివారం

కొన్నాను.

రాష్ట్రం సరిహద్దు దాటి తొంభై మైళ్ళు. అమ్మినవాడి పేరు గార్త్, పాల ట్యాంకరు నడిపి రిటైరయ్యాడు. షెడ్డు తలుపు తియ్యగానే డోకొచ్చింది. బండికి ద్రాక్షపండు రంగు వేయించి, ట్యాంకు మీద నారింజ రంగు మంటలు గీయించాడు. ఎవరైనా డబ్బిచ్చి ఇలాంటి పని చేయించుకుంటారా?

ఎక్కి కూర్చున్నాను. కాళ్ళు రెండూ నేలకి చదునుగా ఆనాయి. హ్యాండిల్ నా చేతుల్లోకి దానంతటదే వచ్చింది. స్టార్ట్ చేస్తే ఆ చప్పుడు కడుపులోకి దిగింది. ఇంజను శుభ్రంగా ఉంది, టైర్లు కొత్తవి. ఎడమ ఫుట్‌బోర్డు రబ్బరు మడమ దగ్గర అరిగిపోయింది, ఎవడో ఆ కాలు ఈడ్చే అలవాటున్నవాడు నడిపి ఉంటాడు.

"ఎప్పుడైనా పడిందా?" అని అడిగాను.

"నా చేతిలో పడలేదండి," అన్నాడు గార్త్.

సరే అన్నాను.

కాగితంలో ధర తక్కువ రాస్తానని వాడే అన్నాడు, పన్ను కలిసొస్తుందట. రోజూ కిటికీ అవతల ఈ మాట వింటే నా ఒళ్ళు మండుతుంది. ఈ రోజు కిటికీ అవతల ఉన్నది నేను. వాడు రాశాడు, నేను తలూపాను. కొన్నవారి పేరు మాత్రం వాడి పెన్నుతోనే, వాడి ఎదుటే రాశాను. ఆపాటి నీతి ఉంది నాకు.

మే 11, మాతృదినం

అమ్మకి కూకెన్ తీసుకెళ్ళాను, ప్రూన్లు పెట్టి కాల్చిన కేకు. బండి సంగతి చెప్పలేదు. ఎనభై రెండేళ్ళ మనిషి. కొడుకు బండి మీద జింకని గుద్దుకుని పోయాడు, కూతురు ఈ వయసులో బండి కొన్నదంటే తిన్నది అరగదు.

టాన్యా గురించి చెప్పాను, ముందు వరుస గురించి చెప్పాను. జాలి పడుతుందనుకున్నాను.

"పోనీవే. వాడు నిన్ను చూసుకోలేదు, నిజమే. కాని రాయిస్ బండిని తుక్కు చేయించాడు చూడు, దాని మీద ఇంకెవడూ ఎక్కకుండా. నేను అడిగినట్టే చేశాడు. ఆ ఒక్కదానికీ మిగతావన్నీ క్షమించేశాను," అంది అమ్మ.

లైల్ ప్రతి ఏడూ ర్యాలీకి ముందు మైకు పట్టుకుని చెప్పే కథ అదే. పాత ఇనుము కొట్టుకి తనే తీసుకెళ్ళాడట, మిషను దాన్ని నలిపేస్తుంటే చివరిదాకా నిలబడ్డాడట. అందరూ టోపీలు తీస్తారు. నాకు వాడి మీద ఎంత అసహ్యం ఉన్నా ఆ రెండు నిమిషాలూ ఉండదు. పద్నాలుగు నెలలుగా ఆ సంగతి ఒప్పుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మే 16

తెల్లవారుతుండగా నదిపక్క రోడ్డు మీద నలభై మైళ్ళు వెళ్ళాను. గాలి ఎదురు. పొలాల్లో ఫెజెంట్ పిట్టలు. మూడో గేరులోంచి నాలుగులోకి వెళ్ళేటప్పుడు ఇంజను ఒక క్షణం ఊపిరి బిగబట్టి వదులుతుంది.

ఇరవై తొమ్మిదేళ్ళు ఆ లైల్ మెడ మీది పులిపిరి చూస్తూ ఊళ్ళన్నీ తిరిగాను. రోడ్డు ఇంత వెడల్పుగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఏడ్చాను. గాలికి.

మే 20

కాగితం ఇంకా ఆఫీసులో ఇవ్వలేదు. నలభై అయిదు రోజుల గడువుంది. నా పేరుకి మార్చితే ఊరంతా తెలిసిపోతుంది, లైల్‌ని ర్యాలీ రోజు వరకూ తెలియకుండా ఉంచాలి. అందుకే.

మే 21

రేపు.

మే 23

రేపటి నుంచి మూడు రోజులు సెలవు. మంగళవారం.

మే 27, మంగళవారం

కిటికీ దగ్గర రద్దీ. బండి ఫ్రేము నంబరు కంప్యూటర్లో కొట్టడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం దొరకలేదు.

మే 29, గురువారం

పెగ్ నా బల్ల మీంచి కాగితం లాక్కుంది. "ఒసేయ్, ఊళ్ళోవాళ్ళకి జరిమానాలు వేస్తావు, నీది మూడు వారాలుగా సొరుగులో పెట్టుకున్నావా? ఇటివ్వు." కుర్చీ తిప్పుకుని నంబరు కొట్టింది.

తెరకి ముఖం దగ్గరగా పెట్టి చదివింది.

"నోలా, ఇది ఇంతకు ముందు మన కౌంటీలోనే ఉండేదే," అంది.

"ఎవరిది?"

తెర నా వైపు తిప్పింది.

ఓనరు: రాయిస్ ఆల్విన్ హాఫర్. మరణించారు. అమ్మినవారు: నోలా హాఫర్, సోదరి, వారసురాలిగా. సంతకం నాదే, నకలు కూడా ఎక్కించి ఉంది. కొన్నవారి పేరు దగ్గర అవతలి రాష్ట్రంలో ఎవడో పాత బండ్ల వ్యాపారి. నేను ఎన్నడూ వినని పేరు, నేను ఎన్నడూ చూడని చేతిరాత. తేదీ జులై ఆఖరు. రాయిస్‌ని పాతిపెట్టి అప్పటికి ఆరు వారాలు. అవతల కొత్త కాగితం పుట్టేసరికి ప్రమాదంలో పాడైనదన్న ముద్ర కూడా ఎగిరిపోయింది.

"లైల్ దీన్ని తుక్కు చేయించాడు కదే?" అంది పెగ్.

"అలా చెప్పాడు," అన్నాను.

పెగ్ చేతిలోంచి కాగితం తీసుకుని సొరుగులో పెట్టాను. తర్వాత నాలుగింటిదాకా నెంబరు ప్లేట్లు ఇచ్చాను.

మే 30

షెడ్డు వైపు వెళ్ళలేదు.

మే 31

లైల్ పంది. నీచుడు. చచ్చినవాడి బండి అమ్ముకుని, ఎనిమిదేళ్ళు వాడి పేరున మైకు పట్టుకున్నాడు. ఎనభై మంది చేత టోపీలు తీయించాడు. మా అమ్మ దగ్గర క్షమ పుచ్చుకున్నాడు. ఇంతకంటే రాయడానికి నాకు మాటలు లేవు, ఉన్నవి రాస్తే పుస్తకం కంపు కొడుతుంది.

జూన్ 1, ఆదివారం

సంతకం పెట్టిన రోజు ఏం జరిగిందో రాసి పెట్టుకోవాలి.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. లైల్ కాగితం నా ముందు పెట్టాడు. "ఇక్కడ సంతకం పెట్టు, మిగతాది తుక్కువాడు నింపుకుంటాడు," అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనిపించలేదు. పెట్టాను.

కాదు.

కనిపించింది. కొన్నవారి పేరు దగ్గర గీత ఖాళీగా ఉంది. తుక్కుకి పోయే బండికి ఆ కాగితం కాదు, వేరే ఫారం ఉంటుంది, పచ్చది, దాని దొంతర నా కుడిచేతి సొరుగులోనే ఉంటుంది. పదేళ్ళుగా చేస్తున్న పని. ఆ రోజు కూడా ఆఫీసులో ఎవడినో ఖాళీ గీత గురించి తిట్టే వచ్చాను. వంటింట్లో మాత్రం పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. పెట్టి, లైల్‌కి కాఫీ పోశాను.

నమ్మానని తొమ్మిదేళ్ళు అనుకున్నాను. నమ్మకం కాదది. అడిగితే చెబుతాడని భయం. చెబితే నేనేదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

అరిగిన ఫుట్‌బోర్డు సంగతి కూడా రాస్తాను. చిన్నప్పుడు చెట్టు మీంచి పడినప్పటి నుంచి రాయిస్ ఎడమ కాలు ఈడ్చేవాడు. బూట్లన్నీ అక్కడే అరిగేవి. అమ్మ వాటికి ఏటా రెండుసార్లు మడమలు వేయించేది. గార్త్ షెడ్డులో నేను ఆ రబ్బరు చూశాను, చూసి ఎవడో అని రాసుకున్నాను. ఎవడో అట.

జూన్ 3

రాయిస్ పోయిన ఏడు ఆగస్టులో మా వంటింటికి కొత్త నేల వచ్చింది. తెల్లటి పలకలు, అంచున నీలం గీత. ఓవర్‌టైం డబ్బు, అన్నాడు లైల్. ఆ ఏడు మార్చి నుంచే వాడి ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేస్తున్నారు. ఓవర్‌టైం ఎక్కడిది? అది నాకు అప్పుడే తెలుసు. పలకల రంగు ఎంచింది నేను.

విడాకుల్లో ఇల్లు నాకొచ్చింది. నేలతో సహా.

ఇప్పుడు మంచం మీద కూర్చుని రాస్తున్నాను. కాఫీ పెట్టుకోలేదు, అక్కడికి వెళ్ళాలంటే దాని మీద నడవాలి.

జూన్ 5

అమ్మేస్తాను. ప్రకటన పెట్టాను. "క్రూజర్, మంచి స్థితిలో ఉంది, శ్రద్ధగా చూసుకున్నది."

జూన్ 6

ఒకతను ఫోను చేశాడు. మర్యాదస్తుడు, గొంతు చిన్నది. కూతురి కాలేజీ అయిపోయిందట, ఇప్పటికి తన కోసం ఒకటి కొనుక్కుందామనుకుంటున్నాడట. రేపు భార్యతో వచ్చి చూస్తానన్నాడు.

"ఎప్పుడైనా పడిందాండీ?" అని అడిగాడు.

"నా చేతిలో పడలేదు," అన్నాను.

అతను సంతోషించాడు. థాంక్స్ కూడా చెప్పాడు.

లైల్ నోట్లో ఉన్న నాలుకే నా నోట్లోనూ ఉంది. పది నిమిషాల తర్వాత నేనే ఫోను చేసి, అమ్ముడైపోయిందని చెప్పాను. అదీ అబద్ధమే. ప్రకటన తీసేశాను.

జూన్ 8, ఆదివారం

అమ్మ దగ్గరికి వెళ్ళాను చెబుదామని. ర్యాలీకి వేసుకునే నీలం కోటు ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించి ఉంది. వాన గురించి మాట్లాడాను. తిరిగొస్తూ దారి మధ్యలో ట్రక్కు ఆపి స్టీరింగ్ మీద గుద్దాను.

జూన్ 10

పెగ్ అంది: "నోరు మూసుకుని వెళ్ళు. ఆ రంగులో దాన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. తొమ్మిదేళ్ళ కిందటి పెంట ఇప్పుడు కెలకడం దేనికే? ఇంతా చేసి ముసలావిడ గుండె ఆగితే?"

పెగ్ మంచిది. అది చెప్పినట్టే చెయ్యాలని నాకూ ఉంది. అందుకే ఆ మాట వినడానికి భయమేసింది.

జూన్ 12

సలాడ్ చెయ్యలేదు.

జూన్ 14, శనివారం

ఫైర్ స్టేషన్ దగ్గరికి ఎనిమిదిన్నరకి వెళ్ళాను. అప్పటికే డెబ్భై ఎనభై బండ్లు. నూనెలో చిస్లిక్ వేగుతున్న వాసన. అమ్మని పెగ్ కారులో తీసుకొచ్చి, వేదికగా పెట్టిన ట్రెయిలర్ ముందు మడతకుర్చీలో కూర్చోబెట్టింది. నేను హెల్మెట్ తీసేదాకా అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. పట్టాక నన్నూ బండినీ మార్చి మార్చి చూసింది.

లైల్ వచ్చాడు, టాన్యాని చంకకి తగిలించుకుని.

"అబ్బో! ఎవరో అనుకున్నా. ఎవడంటగట్టాడే నీకిది?" నవ్వుతూ బండి చుట్టూ తిరిగాడు. సీటు మీద అరచెయ్యి వేసి తట్టాడు. "ద్రాక్షపళ్ళ రసంలో ముంచి తీసినట్టుంది. ఎంత పెట్టావు?"

"నాలుగు వేలు."

"మోసపోయావు. నన్ను అడగాల్సింది. ఫ్రేము చూశావా? ఇది ఎక్కడో గట్టిగానే దెబ్బ తిన్న బండి. ముందు భాగం మార్చారు. నేను చూస్తే చెప్పేస్తా."

"నువ్వు చెప్పేస్తావు," అన్నాను.

"ఏదైనా చివరి వరుసలో రా. కొత్తగా నేర్చుకున్నావు, మందిని గుద్దుతావు," అని నా భుజం తట్టి వెళ్ళాడు. బండిని తట్టిన చెయ్యే.

తొమ్మిదింటికి ట్రెయిలర్ ఎక్కాడు. అదే కథ. ఈసారి కొత్త ముక్కొకటి చేర్చాడు. మిషను పళ్ళ మధ్య రాయిస్ హ్యాండిల్ విరుగుతుంటే ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకున్నాడట. ఏటికేడు ఆ బండి ఇంకా బాగా నలుగుతోంది. మగాళ్ళు టోపీలు తీశారు. టాన్యా కళ్ళు తుడుచుకుంది, పాపం నిజంగానే. అమ్మ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని లైల్ వైపు తలూపుతోంది, దేవుడికి దణ్ణం పెట్టినట్టు.

ఆ తలూపడం నేను చూడలేకపోయాను.

కథ అయ్యాక ఫైర్ స్టేషన్ పెద్ద బర్ల్ మైకు తీసుకుని, "ఇంటివాళ్ళు ఎవరైనా ఓ మాట చెబుతారా?" అని అడుగుతాడు. ఏటా అడుగుతాడు, ఏటా నేను వద్దని తల తిప్పుతాను. ఈసారి మెట్లెక్కాను.

నా గొంతు స్పీకర్లలో వేరేగా వినిపించింది. రాసుకుని వెళ్ళలేదు, కాని ఏం చెప్పానో ప్రతి మాటా గుర్తుంది.

"రాయిస్ బండిని లైల్ తుక్కు చెయ్యలేదు. అమ్మాడు. అది ఇక్కడే ఉంది, ద్రాక్షపండు రంగుది, నేను తెలియక కొన్నాను. నంబరు చూసుకోవచ్చు."

ఎవడో నవ్వబోయి ఆగిపోయాడు. లైల్ కిందనుంచి నా వైపు రెండడుగులు వేశాడు.

"కాగితం మీద కొన్నవారి పేరు ఖాళీగా ఉండగా సంతకం పెట్టింది నేను. నా ఉద్యోగం ఏమిటో మీకందరికీ తెలుసు. మీలో సగం మందిని నేను ఆ గీత దగ్గర తిట్టాను. ఆ బండి డబ్బుతో మా వంటింటికి నేల వేయించుకున్నాం. ఆ నేల మీద నిలబడే ప్రతి ఏడూ మీకు సలాడ్ చేసి తెచ్చాను."

"నీకు తెలుసు!" లైల్ అరిచాడు. ముఖం సున్నంలా అయిపోయింది. "అంతా నా మీద తోస్తావేం? నీకు తెలుసు నోలా! అప్పుడే తెలుసు!"

నన్ను పట్టించాననుకున్నాడు.

"తెలుసు," అన్నాను మైకులో.

దిగాను. ఎవరూ దారి అడ్డం రాలేదు, ఎవరూ పలకరించలేదు. నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలిసినవాళ్ళు బూట్ల వైపు చూసుకున్నారు. టాన్యా హెల్మెట్ రెండు చేతులతో పట్టుకుని లైల్‌కి నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది. ముందు వరుసలోకి బండి పెట్టబోతున్న లైల్‌తో బర్ల్, "నువ్వు వెనక్కి పో," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. వాడు వెనక్కీ పోలేదు, బండి తిప్పుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు, ఒక్కడే.

అమ్మ లేచింది. పెగ్ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, వాకర్ తోసుకుంటూ బండ్ల మధ్యనుంచి వచ్చింది. రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నన్ను జింక గుద్దినా బాగుండుననిపించింది.

"ఇదేనా?"

"ఇదే అమ్మా."

చుట్టూ చూసింది. మంటల బొమ్మ మీద వేలు పెట్టి గీసింది. "వాడు చచ్చినా ఈ రంగు వేయించేవాడు కాదు." వంగి ఎడమ ఫుట్‌బోర్డు చూసింది. అరిగిన చోట చేత్తో తడిమింది, చాలాసేపు. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఆ నేల మీద నేను ఎన్ని క్రిస్మస్‌లు భోజనం చేశానే?" అంది, నా వైపు చూడకుండా.

"ఎనిమిది."

"నువ్వే వడ్డించావు."

"అవునమ్మా."

కొట్టి ఉంటే తేలికయ్యేది. కొట్టలేదు.

"స్టార్ట్ చెయ్యి," అంది.

"ఏంటి?"

"చెవుడా? స్టార్ట్ చెయ్యి దాన్ని."

చేశాను. అమ్మ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. రాయిస్ ఉన్నప్పుడు ఈ చప్పుడు వినిపిస్తే కిటికీలు మూసేసేది, ఊళ్ళో మనుషులుండాలా వద్దా అని వాడిని తిట్టేది. ఇప్పుడు దాని మీదికి ఇంకా వంగింది. నేను ఇంక చాలనుకుని తాళంచెవి మీద చెయ్యి వేశాను.

"ఆపకు."

బయల్దేరమని బర్ల్ చెయ్యి పైకెత్తాడు. ముందు వరుసలో కుడిపక్క చోటు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది, లైల్ వదిలిపోయిన ఎడమపక్క కూడా ఎవరూ వెళ్ళి నిలబడలేదు. బండ్లన్నీ ఒకేసారి మోగాయి. అయినా అమ్మ చెయ్యి తియ్యలేదు, అన్ని చప్పుళ్ళలోనూ ఇదొక్కటే వింటున్నట్టుంది.

"నిలబెట్టి ఉంచితే ఇంజను వేడెక్కిపోతుందమ్మా," అన్నాను.

"ఎక్కనీ."

ఎనభై బండ్లు మా పక్కనుంచే ఒక్కొక్కటిగా రోడ్డెక్కాయి. రెండు నెలలు నేను పడ్డ పాట్లన్నీ వాటితో కలిసి వెళ్ళడానికే. నేను కదల్లేదు. నా ఎదురుగా అమ్మ ఉంది, అమ్మ చెయ్యి వాడి బండి మీద ఉంది, నా చెయ్యి మీద లేదు.